చేప మానకండి, మూకుడు మానండి
నిమ్మ, బత్తాయి రసంతో ఇంట్లోనే బేక్ చేసుకునే చేప ముక్కలు

గుండె జబ్బుకో, బీపీకో వైద్యం చేయించుకుని ఇంటికి బయలుదేరే వారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరు గారూ, ఇక చేపలు తినకూడదా?" కోస్తా జిల్లాల వారికి, చెరువుల పక్కన ఉండేవారికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ చేపల వేపుడుతో భోంచేస్తుంటే, ఒక్కరి కంచంలో మాత్రం చప్పిడి కూర, మజ్జిగ అన్నం ఉంటాయి. నాలుగు వారాలు ఓర్చుకుంటారు. అయిదో వారం "ఒక్క ముక్కేగా" అంటూ మొదలై, నెల తిరిగేసరికి పథ్యం మొత్తం గాలికి పోతుంది.

చాలామందికి చేప మానవలసిన పని లేదు. మానవలసింది మూకుడులో మరిగే నూనె, ముక్కకు దట్టంగా పట్టించే ఉప్పు. ఆ రెండూ తగ్గించి, రుచి తగ్గకుండా, ఇంట్లో అందరూ ఒకే పళ్ళెంలోంచి తినగలిగేలా చేప వండే పద్ధతి ఈ నెల చూద్దాం.

వండే తీరును బట్టి మేలు

చేపలో మంచి మాంసకృత్తులు ఉన్నాయి. వంద గ్రాముల చేపలో దాదాపు 18 నుంచి 20 గ్రాముల వరకు ఉంటాయి. సముద్రపు చేపల్లో, ముఖ్యంగా కవళ్ళు, కానాగంతల వంటి కొవ్వు ఉన్న చేపల్లో, ఒమేగా-3 అనే మేలైన కొవ్వు ఎక్కువ. అమెరికా హార్ట్ అసోసియేషన్ వారానికి రెండుసార్లు చేప తినమని సలహా ఇస్తోంది. ఒక్కోసారి తినవలసింది వండిన చేప సుమారు 85 గ్రాములు. అంటే మన అరచేతిలో పట్టే ఒక ముక్క.

అయితే ఆ చేపను ఎలా వండామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో 65 ఏళ్ళు, ఆపై వయసున్న, అప్పటికి గుండె జబ్బు లేని 3,910 మందిని పరిశోధకులు దాదాపు తొమ్మిదేళ్ళు గమనించారు. ఆ ఫలితాలు 2003లో 'సర్క్యులేషన్' అనే వైద్య పత్రికలో వచ్చాయి. బేక్ చేసిన, నిప్పు సెగ మీద కాల్చిన చేపలు, ట్యూనా చేప తినేవారిలో గుండె రక్తనాళాల జబ్బుతో మరణాలు తక్కువగా కనిపించాయి. వేయించిన చేప తినేవారిలో ఆ మేలు కనిపించలేదు. వేపుడు తినేవారి ఇతర అలవాట్లు కూడా వేరుగా ఉండవచ్చు కాబట్టి ఈ ఒక్క పరిశోధనతోనే అంతా తేలిపోయిందని అనలేం. కానీ వేపుడుతో ఏం జరుగుతుందో మన వంటింట్లోనే కనిపిస్తుంది. ముక్క నూనె పీలుస్తుంది. మిగిలిన నూనెను పారబోయడానికి మనసొప్పక మళ్ళీ మళ్ళీ కాచి వాడతాం. అలా తిరిగి మరిగించిన నూనె వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది.

ఇప్పుడు మనం చెప్పుకునే వంటలో నలుగురికి కలిపి రెండు టీస్పూన్ల నూనె చాలు. మనిషికి అర స్పూను అన్నమాట.

నిమ్మ చేసే పని, చేయలేని పని

ఉప్పు తగ్గిస్తే కూర చప్పబడుతుందని అందరి భయం. పులుపు తగిలితే నాలుకకు ఆ లోటు అంతగా తెలియదు. రోజు మొత్తం మీద మనిషికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను లోపు, ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. పచ్చడి, అప్పడం, ఎండు చేప ఇవన్నీ ఆ స్పూనులోకే వస్తాయి. కాబట్టి కూరలో ఉప్పు తగ్గించే ఏ ఉపాయమైనా బీపీ ఉన్నవారికి పనికివచ్చేదే. నిమ్మ అలాంటి ఉపాయం.

నిమ్మ చేసే రెండో పని నీచు వాసనను తగ్గించడం. సముద్రపు చేప నిలవ ఉన్నకొద్దీ దానిలో ట్రైమిథైలమీన్ అనే పదార్థం తయారై నీచు వాసన వస్తుంది. పులుపు దానితో కలిస్తే అది గాలిలోకి లేవదు, ముక్కుకు తగలదు. చెరువు చేపకు ఉండే మట్టి వాసన వేరు. చెరువులోని నాచు వంటి సూక్ష్మజీవుల నుంచి వచ్చే జియోస్మిన్ అనే పదార్థం దానికి కారణం. అది పులుపుకు విరిగిపోతుంది. చెరువు చేపకు చింతపండు పులుసు అంత చక్కగా కుదరడానికి ఇదీ ఒక కారణమే.

ఇక నిమ్మ చేయలేని పనులు రెండున్నాయి. మొదటిది, పాడైన చేపను నిమ్మ బాగు చేయలేదు. వాసన మాత్రం కప్పెడుతుంది. అందుకే చేప బాగుందో లేదో నిమ్మరసం పిండకముందే చూసుకోవాలి. రెండోది, నిమ్మరసంలో నానిన ముక్క తెల్లబడి ఉడికినట్టే కనిపిస్తుంది, కానీ అందులోని క్రిములు చచ్చిపోయినట్టు కాదు. వాటిని చంపేది వేడి మాత్రమే. ముక్క మధ్యభాగంలో వేడి 63 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరాలి. ఇంట్లో థర్మామీటరు లేకపోయినా దిగులు లేదు. ముక్క మందంగా ఉన్నచోట ఫోర్కు గుచ్చి తిప్పితే మాంసం పొరలు పొరలుగా విడిపోవాలి, లోపల గాజులా మెరిసే పచ్చిదనం ఎక్కడా ఉండకూడదు.

ఏ చేప కొనాలి?

ముల్లు లేని ముక్కలు కావాలంటే పండుగప్ప, వంజరం, కొరమేను, తిలాపియా అనువుగా ఉంటాయి. కొట్లలో 'బాసా' పేరుతో అమ్మే ముక్కలు ధరలో అందుబాటులో ఉంటాయి, ముల్లు ఉండదు. వాటిలో ఒమేగా-3 తక్కువే, కానీ మాంసకృత్తులకు లోటు లేదు. శీలావతి, బొచ్చె చేపల కండలో సన్నని చీలిక ముళ్ళు ఉంటాయి కనుక ఈ వంటకు అంత వీలు కాదు. పిల్లలు, పళ్ళు లేని పెద్దలు ఉన్న ఇంట్లో ఇది ముఖ్యం. ఒమేగా-3 కోసం ఖరీదైన చేపే కొనాలని లేదు. కవళ్ళు, కానాగంతలను కడిగి, గాట్లు పెట్టి, ముక్కలు చేయకుండానే ఇదే పద్ధతిలో బేక్ చేసుకోవచ్చు. ముళ్ళు మాత్రం జాగ్రత్తగా తీసుకుని తినాలి.

వీలైతే చేపను నిండుగా చూసి కొని, మీ ఎదుటే ముక్కలు తీయించుకోండి. కన్ను ఉబ్బెత్తుగా, స్వచ్ఛంగా ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. కోసిపెట్టిన ముక్కలే దొరికితే అవి తడిగా మెరుస్తూ, అంచులు ఎండకుండా ఉండాలి. ఘాటైన వాసన వస్తే వద్దు. ఎండాకాలంలో బజారుకు వెళ్ళేటప్పుడు ఐసు ముక్కలు వేసిన డబ్బా వెంట తీసుకెళ్ళండి. కానాగంతలు, ట్యూనా వంటివి ఐసు లేకుండా ఎండలో ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఆ తరువాత ఎంత ఉడికించినా అది పోదు. అలాంటి చేప తిన్నవారికి కాసేపట్లోనే ముఖం ఎర్రబడడం, తలనొప్పి, దద్దుర్లు, గుండె దడ రావచ్చు.

గడ్డకట్టించిన ముక్కలైతే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చండి. బయట గట్టు మీద పెట్టి కరిగించవద్దు.

కావలసినవి (నలుగురికి)

ముల్లు తీసిన చేప ముక్కలు - అర కిలో (4 ముక్కలు)
నిమ్మకాయలు - 2
బత్తాయి లేదా కమలా - 1
ఉల్లిపాయ - 1
టమాటా - 1
వెల్లుల్లి - 4 రెబ్బలు
అల్లం - చిన్న ముక్క
మిరియాల పొడి - అర టీస్పూను
ధనియాల పొడి - 1 టీస్పూను
పసుపు - చిటికెడు
ఉప్పు - అర టీస్పూను
నూనె - 2 టీస్పూన్లు
కరివేపాకు, కొత్తిమీర - కొద్దిగా

తయారు చేసే విధానం

1. మన ఇళ్ళలో చేపను గళ్ళ ఉప్పుతో రుద్ది కడగడం అలవాటు. అలా రుద్దితే ఆ ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు మంచినీళ్ళతో కడగండి. తరువాత శుభ్రమైన బట్టతో తడి అద్దండి. తడి ఉంటే ముక్క కాలదు, ఆవిరికి ఉడుకుతుంది.

2. ఒక నిమ్మకాయ పైతొక్కును, కింది తెల్లభాగం రాకుండా, సన్నగా తురమండి. నిమ్మ వాసనంతా ఆ పైతొక్కులోని నూనెలోనే ఉంది. తెల్లభాగం చేదు.

3. అల్లం, వెల్లుల్లి నూరి, అందులో ఒక నిమ్మకాయ రసం, నిమ్మ తురుము, మిరియాల పొడి, ధనియాల పొడి, పసుపు, ఉప్పు, నూనె కలిపి ముక్కలకు పట్టించండి. పావుగంట చాలు. ఇంకా ఎక్కువసేపు నానితే పులుపుకు ముక్క బిరుసెక్కి, వండాక పిండిపిండిగా రాలుతుంది. ఇందుకు స్టీలు, గాజు లేదా పింగాణీ గిన్నె వాడండి. పులుపు అల్యూమినియాన్ని కరిగిస్తుంది కాబట్టి ఆ గిన్నెలు వద్దు.

4. బత్తాయిని తొక్క, తెల్లపొర, గింజలు తీసి పలుచని చక్రాలుగా కోయండి.

5. బేకింగ్ పళ్ళెంలో ఉల్లి, టమాటా చక్రాలు పరచి, వాటి మీద చేప ముక్కలు, ఆ పైన బత్తాయి చక్రాలు, కరివేపాకు పెట్టండి. కింద ఉల్లి ఉంటే ముక్క అడుగంటదు.

6. ఓవెన్‌ను ముందుగా 200 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడి చేసి పళ్ళెం లోపల పెట్టండి. రెండు సెంటీమీటర్ల మందం ముక్కకు సుమారు 15 నిమిషాలు పడుతుంది. 12 నిమిషాలకే ఒకసారి ఫోర్కుతో చూడండి. అతిగా కాలితే ముక్క ఎండిపోతుంది.

7. బయటికి తీశాక రెండో నిమ్మకాయలో సగం పిండి, కొత్తిమీర చల్లండి. వేడికి విటమిన్-సి కొంత పోతుంది. చివర పిండిన రసంలో అది నిలుస్తుంది. మిగతా సగం చెక్క పళ్ళెం పక్కన పెడితే కావలసినవారు పిండుకుంటారు. అప్పుడు ఉప్పు డబ్బా కోసం ఎవరూ చూడరు.

పచ్చి చేప కోసిన పీటను, కత్తిని సబ్బుతో కడగకుండా వాటితో కీర, టమాటా ముక్కలు కోయకండి. మిగిలిన ముక్కలను రెండు గంటల లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా వేడిచేసి తినేయండి.

ఓవెన్ లేని ఇళ్ళలో

క్రిస్మస్ కేకు కోసం ఇసుక పోసి కుక్కర్ వేడిచేసే ఇళ్ళు మన సంఘాల్లో ఎన్నో ఉన్నాయి. చేపకూ అదే పద్ధతి. వాడకం మానేసిన పాత కుక్కరులో గానీ, మందపాటి గిన్నెలో గానీ ఒక అంగుళం మందాన ఇసుక లేదా గళ్ళ ఉప్పు పరచండి. దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి, మధ్యరకం మంట మీద పది నిమిషాలు వేడి చేయండి. కుక్కరైతే గాస్కెట్టు, వెయిటు తప్పనిసరిగా తీసేయాలి. ఆ తరువాత చేప పళ్ళెం స్టాండు మీద పెట్టి మూతవేస్తే 20 నుంచి 25 నిమిషాల్లో కాలుతుంది.

అరటి ఆకు దొరికితే ఇంకా సులువు. ఆకుకు మంట సెగ చూపితే మెత్తబడి చిరగకుండా మడత పడుతుంది. మసాలా పట్టించిన ముక్కను, రెండు బత్తాయి చక్రాలను అందులో పొట్లం కట్టి, వేడి పెనం మీద పెట్టి మూత వేయండి. సన్నని మంట మీద ఒక్కో వైపు ఏడెనిమిది నిమిషాలు ఉంచితే చాలు. కేరళలో, బెంగాలులో అరటి ఆకులో చేప వండడం పాత ఆచారమే. అల్యూమినియం కాగితంలో చుట్టేవారు నిమ్మ తగిలే లోపలి వైపు అరటి ఆకు గానీ, బేకింగ్ కాగితం గానీ వేయడం మంచిది.

మందులు వాడేవారు ఇది తప్పక చదవండి

నిమ్మ, బత్తాయి, కమలా ఈ వంటలో వాడే మోతాదులో చాలామందికి ఏ ఇబ్బందీ చేయవు. పులుపు జాతి పండ్లన్నీ ఒకటే అనుకుని పెరట్లోని పంపర పనసనో, సూపర్ మార్కెట్‌లోని గ్రేప్‌ఫ్రూట్‌నో వాడితే మాత్రం చిక్కు రావచ్చు. కొన్ని మందులను మన పేగులోని ఒక ఎంజైము విరగ్గొడుతుంది. గ్రేప్‌ఫ్రూట్ ఆ ఎంజైమును పని చేయనివ్వదు. దాంతో వేసుకున్నది ఒక మాత్రే అయినా రక్తంలోకి ఎక్కువ మందు చేరుతుంది. కెనడాకు చెందిన డేవిడ్ బెయిలీ బృందం ఈ సంగతిని ఒక బీపీ మందు విషయంలో కనిపెట్టి 1991లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించింది. పంపర పనసలో, మార్మలేడు చేసే చేదు నారింజలో కూడా అదే రకం పదార్థాలు ఉన్నాయి.

కొలెస్ట్రాల్ మాత్రల్లో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్. బీపీ మాత్రల్లో ఫెలోడిపిన్, నిఫెడిపిన్. కిడ్నీ మార్పిడి అయినవారు వాడే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ ఈ జాబితాలోకి వస్తాయి. ఉదయం పండు తిని రాత్రి మాత్ర వేసుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. ఆ ప్రభావం ఒక రోజు దాటి కూడా ఉంటుంది. అలాగని మాత్ర మానేయకండి. ఆ పండు మానండి. మీ మందు ఈ జాబితాలో ఉందో లేదో డాక్టరునో, మందుల కౌంటరులోని ఫార్మసిస్టునో అడగండి.

ఇంకొన్ని జాగ్రత్తలు:

• కిడ్నీ జబ్బు ఉన్నవారు మాంసకృత్తులు ఎంత తినాలో డాక్టరు చెప్పిన మేరకే ముక్క పరిమాణం నిర్ణయించుకోవాలి. 'సోడియం తక్కువ ఉప్పు' అని అమ్మే వాటిలో చాలావరకు పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్, స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారు డాక్టరును అడగకుండా అది వాడకూడదు. ఉప్పు తగ్గించి నిమ్మ పెంచుకోవడమే మంచిది.

• క్షయకు ఐసోనియాజిడ్ మాత్ర వాడుతున్నవారికి ట్యూనా, కానాగంతల వంటి చేపలు తిన్నాక ముఖం ఎర్రబడడం, గుండె దడ, తలనొప్పి వంటివి రావచ్చు. అలా జరిగితే మాత్ర ఆపకుండా వెంటనే డాక్టరుకు చెప్పండి. ఆ కోర్సు పూర్తయ్యేవరకు వేరే చేప తినండి.

• గర్భిణులు సొర వంటి పెద్ద వేట చేపలు తినకూడదు. వాటిలో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది. పెద్ద వంజరం కూడా తగ్గించి, చిన్న చేపలు, చెరువు చేపలు తినడం మేలు.

• షుగరు ఉన్నవారికి చేపలో పిండిపదార్థం లేదు కనుక భయం లేదు. పక్కన పెట్టుకునే అన్నం కొలత చూసుకోండి. సగం పళ్ళెం కూరగాయలు ఉండాలి.

• గౌట్ కీళ్ళనొప్పి ఉన్నవారు, చేప పడనివారు ముందుగా డాక్టరును అడగాలి.

పెద్దలు చెప్పే మాటలు

చేప తిన్నాక పాలు, పెరుగు తింటే బొల్లి వస్తుందని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. బొల్లి రావడానికి కారణం అది కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలను మన శరీరమే పొరపాటున దెబ్బతీయడం వల్ల ఆ మచ్చలు వస్తాయి. చేప పడని మనిషికి దద్దుర్లు వస్తే అది వేరే సంగతి.

ఆపరేషన్ అయినవారికి చేప పెడితే కుట్లు చీము పడతాయని కొందరు మానిపిస్తారు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. డాక్టరు మామూలు భోజనం తినవచ్చని చెప్పిన తరువాత, చక్కగా ఉడికిన, ముల్లులేని చేప ముక్క అలాంటి రోగికి మంచి ఆహారం. తేలిగ్గా అరుగుతుంది, నమలడానికి శ్రమ ఉండదు.

ఈ వంటను రోగి ఒక్కరికోసం విడిగా చేయకండి. అందరికీ అదే వండండి. కారం కావలసినవారు పచ్చిమిర్చి నంజుకోవచ్చు, పిల్లలకు మిరియాలు తగ్గించవచ్చు. విడిగా పెట్టిన పథ్యం ఎన్నాళ్ళో నిలవదు. ఇంటిల్లిపాదీ తినే వంట అలవాటుగా మారుతుంది. వచ్చే శనివారమో ఆదివారమో ఒకసారి చేసి చూడండి. తరువాత చెకప్‌కు వచ్చేటప్పుడు మీరు వాడే మాత్రల చీటీ వెంట తెచ్చుకుని, మీకు ఏ చేప, ఎంత ముక్క, ఏ పండు సరిపోతుందో మీ డాక్టరునే అడగండి.